దస్త్రంలో ఒకటి, నడకలో మరొకటి



చాలాకాలానికి మళ్ళీ ఒక టపా. ఈసారి ప్రబంధాల జోలికి గాని ఛందస్సు జోలికి గాని పోవడం లేదు. కలనయంత్రపు లోలోపల, కెర్నెల్ అనే గర్భగుడిలో జరిగే ఒక వ్యవహారాన్ని గురించి నాలుగు మాటలు వ్రాయదలచాను. తెలుగు పండితునికి కెర్నెల్‌తో ఏమి పని అని మీరు అడగవచ్చు. నిజమే, నాకూ ఉండేది కాదు. పదకొండు మాటలు పోగొట్టుకున్న తరువాత ఆ పని పడింది.

మనలో తొలినాళ్ళనుండి వ్రాస్తున్నవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. విండోస్ ఎక్స్‌పీ రోజులలో తెలుగు పుట తెరిస్తే అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించేవి. ప్రాంతీయ భాషల అమరికలలోకి వెళ్ళి, సంక్లిష్ట లిపులకు ఎదురుగా ఉన్న గడిలో టిక్కు పెట్టి, సీడీ వెతికి తెచ్చి, యంత్రాన్ని ఆపి మళ్ళీ నడిపిస్తే గాని ‘అ’ అనే అక్షరం దర్శనమిచ్చేది కాదు. ఒక చిన్న గడిలో పెట్టిన టిక్కుమీద ఒక భాష కనిపించడమూ కనిపించకపోవడమూ ఆధారపడి ఉంటుందని మనం మొదట నేర్చుకున్నది అక్కడే. అమరిక అనే మాటను నేను అప్పటినుండి గౌరవంగానే చూస్తున్నాను. చాలినంత గౌరవంగా చూడలేదని తరువాత తెలిసింది.

నేను 2017లో ఉద్యోగవిరమణ చేసి దూలపల్లిలోనే స్థిరపడ్డాను. మా ఊరు తెలియనివారికి ఒక మాట: కొంపల్లి దాటి లోపలికి వస్తే అటవీ శిక్షణ అకాడమీ, దానిని ఆనుకొని అడవి. నగరం మా ఊరి మీదికి వచ్చి చాలాకాలమయింది. 2016లో జిల్లాలను విభజించినప్పుడు రంగారెడ్డి జిల్లావాళ్ళం కాస్తా మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లావాళ్ళమయ్యాము. అపార్టుమెంట్లు లేచాయి, కుంటలు పూడాయి. కుంట పూడితే దాని చుట్టూ ఉన్న మాటలు కూడా పూడిపోతాయి. తూము లేనిచోట తూము అనే మాటతో ఎవరికి పని? అందుకని ఊరి పెద్దల నోట మిగిలి ఉన్న మాటలను సేకరించి పెట్టాలనే కోరిక కలిగింది. నిఘంటువు అనే పెద్ద పేరు పెట్టను. పద్దుల పుస్తకం అనుకోండి.

ఆ పనిలో నాకు గురువు మా వీధి చివర ఉండే ఒక అవ్వ. ఎనభై దాటిన మనిషి. చిన్ననాట అడవిలో కట్టెలు ఏరి, పశువులు కాసి, చెరువు కింద నాట్లు వేసిన మనిషి. ఆమెకు తెలిసిన మాటలలో సగం నాకు తెలియవు. నాకు తెలిసిన సంస్కృత సమాసాలలో ఒక్కటీ ఆమెకు అక్కరలేదు. సాయంత్రం వారి అరుగుమీద నేను లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటే ఆమె చెప్పేది, నేను చేర్చేవాణ్ణి. ప్రతి మాటా చెప్పిన తరువాత ఒకసారి ఆగి అడిగేది:

“రాసుకున్నవా సారూ?”

“వ్రాసుకున్నానవ్వా.”

ఆ మాట విన్న తరువాతనే తరువాతి మాటకు పోయేది.

ఆ లాప్‌టాప్ నా పూర్వవిద్యార్థి ఒకడు తాను వాడి విడిచినది నాకు తెచ్చి ఇచ్చాడు. అందులో లినక్స్ వేసి, మాటలు చేర్చుకోవడానికి తానే ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసిపెట్టాడు. మాట, అర్థం, చెప్పినవారు, తేదీ. ఎంటర్ నొక్కితే ఒక దస్త్రం చివర ఒక వరుస చేరుతుంది. వరుసకు సంఖ్య కూడా దానంతట అదే పడుతుంది. అంతకంటె ఆడంబరం లేదు, నాకు అక్కరా లేదు.

ఇప్పుడు కొంచెం శాస్త్రం చెప్పుకోవాలి. బడిలో పాఠం చెప్పినట్లు చెబుతాను, ఓపిక పట్టండి.

మనం ఒక దస్త్రంలో ఏదైనా వ్రాసినప్పుడు కెర్నెల్ దానిని వెంటనే డిస్కుమీద వ్రాయదు. కిరాణా దుకాణదారు పగలంతా అమ్మకాలను చిట్టాలో గిలికి, తీరిక దొరికినప్పుడు ఆవర్జాలోకి ఎక్కించినట్లు, మొదట జ్ఞాపకశక్తిలో, అంటే మెమరీలో ఉంచుకుంటుంది. డిస్కుకు ఎక్కించవలసి ఉన్న ఆ పుటలను వారు ‘డర్టీ’ పుటలు అంటారు. మురికివి అని అర్థం కాదు, ఇంకా ఆవర్జాకు ఎక్కనివి అని. సాధారణంగా లినక్స్‌లో 5 సెకన్లకొకసారి ఒక గుమాస్తా మేలుకొని, 30 సెకన్లకంటె పాతబడినవాటిని తీసి డిస్కుకు ఎక్కిస్తాడు. ఈ రెండు గడువులూ మనం మార్చుకోదగిన అమరికలే. సెకనులో నూరవ వంతు లెక్కన 500 అనీ 3000 అనీ ఉంటాయి.

ఇలాంటి అమరికలు కెర్నెల్‌లో వందలకొద్దీ ఉన్నాయి. వాటిని చూడడానికీ మార్చడానికీ ‘ప్రోక్’ అనే సంచయంలో ‘సిస్’ అనే ఉపసంచయం ఉంటుంది. ఒక్కొక్క అమరికకు అక్కడ ఒక్కొక్క దస్త్రం. తెరిచి చదివితే ఇప్పటి విలువ తెలుస్తుంది, అందులో కొత్త సంఖ్య వ్రాస్తే ఆ క్షణంనుండే కెర్నెల్ దాని ప్రకారం నడుస్తుంది. ఇందులో చమత్కారం ఏమిటంటే ఆ దస్త్రాలు డిస్కుమీద ఎక్కడా లేవు. మనం అడిగినప్పుడు కెర్నెల్ తన మనసులో ఉన్నదానిని అప్పటికప్పుడు దస్త్రంలాగా చూపిస్తుంది. కనుక యంత్రం ఆపితే మనం చేసిన మార్పు కూడా పోతుంది. మళ్ళీ నడిపితే అప్రమేయ విలువలే. మార్పు నిలవాలంటే దానిని వేరే ఒక దస్త్రంలో వ్రాసిపెట్టాలి. యంత్రం మేలుకొన్నప్పుడల్లా ఆ దస్త్రాన్ని చదివి కెర్నెల్‌కు వినిపించే సేవ ఒకటి ఉంటుంది.

నా కథ ఇక్కడ మొదలవుతుంది. 2018లో ఆ లాప్‌టాప్ బ్యాటరీ గంటకంటె ఎక్కువ నిలిచేది కాదు. ఆ రెండు గడువులనూ పెంచితే డిస్కు తరచుగా తిరగదనీ, బ్యాటరీ ఆదా అవుతుందనీ ఎక్కడో చదివాను. చదివినదాన్ని ప్రయోగించకుండా ఉండలేని బలహీనత మన పండితులకు పుట్టుకతో వస్తుంది. రెండింటినీ 60000 చేశాను. అంటే పది నిమిషాలు. మరునాడు యంత్రం నడిపితే మళ్ళీ పాత విలువలే ఉన్నాయి. నిలవడానికి ఏమి చేయాలో సరిగా తెలుసుకోకుండా, యంత్రం మేలుకొనే ఘట్టంలో చివరన నడిచే ఒక స్థానిక ఆజ్ఞాపత్రంలో ఆ రెండు వరుసలూ చేర్చాను. పని జరిగింది. ఆ తరువాత మరచిపోయాను. ఎక్కడా వ్రాసుకోలేదు.

మరుసటి సంవత్సరం మొదట్లో ఆ బ్యాటరీ ఉబ్బింది. ప్రమాదమని నా విద్యార్థి వచ్చి దానిని తీసివేశాడు. అప్పటినుండి లాప్‌టాప్ గోడలోని కరెంటు మీదనే నడిచేది. బ్యాటరీని కాపాడడానికి పెట్టిన అమరిక, బ్యాటరీయే లేని యంత్రంలో అలాగే నిలిచి ఉంది. రాజు పోయినా ఆయన కోసం కోటద్వారం మూసి కాపలా కాస్తున్న భటునివలె.

2019 మే నెలలో ఒక సాయంత్రం. అవ్వ ఆనాడు మంచి ఉత్సాహంలో ఉంది. నీళ్ళ మాటలు మొదలుపెట్టింది. ఎండిన వాగులో ఇసుక తోడి నీరు ఊరేటట్లు చేసుకునే గుంట చెలిమె. వానాకాలంలో మాత్రమే పారే సన్నని వాగు ఒర్రె. చెరువు నీరు వెనక్కి తీసినప్పుడు బయటపడే నేల శిఖం. ఒకదానివెంట ఒకటి వస్తున్నాయి. లోపలినుండి తీగ లాగి, అరుగుమీద కూర్చొని నేను చేరుస్తున్నాను. ప్రతిదానికీ అదే ప్రశ్న, అదే జవాబు. ఉత్తరాన మబ్బు పట్టింది, గాలి లేచింది, కరెంటు పోయింది. తెర నల్లబడింది.

“పోయిందా సారూ?” అన్నది అవ్వ.

“కరెంటు పోయిందవ్వా, మాటలు ఉన్నాయి. అన్నీ వ్రాసుకున్నాను” అన్నాను.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నేను ఎంటర్ నొక్కాను, వరుస చేరినట్లు తెరమీద చూశాను. ఇంతకంటె సాక్ష్యం ఏమి కావాలి? రాత్రి కరెంటు వచ్చిన తరువాత దస్త్రం తెరిస్తే 411వ వరుస దగ్గర ఆగి ఉంది. నాకు బాగా గుర్తు, 422 వరకు చేర్చాను. పదకొండు వరుసలు లేవు.

ఆదివారం నా విద్యార్థి వచ్చాడు. వాడు నేరుగా అమరికల దస్త్రం తెరిచాడు. అందులో 3000, 500 అని సరిగానే ఉంది. యంత్రం నాకు ఇచ్చేటప్పుడు తానే వ్రాసిపెట్టాడట. “ఇక్కడ సరిగానే ఉంది కదా సార్, ముప్పై సెకన్లకంటె ఎక్కువ పోవడానికి వీల్లేదు” అని కాసేపు తల గోక్కున్నాడు. తరువాత ప్రోక్‌లో ఉన్న విలువను చదివాడు. 60000. దస్త్రంలో ఒకటి ఉంది, కెర్నెల్ మనసులో మరొకటి ఉంది. గుమాస్తా పది నిమిషాలకొకసారి మేలుకొని పది నిమిషాలకంటె పాతబడినవి మాత్రమే తీస్తే, దురదృష్టం కలిసినప్పుడు ఇరవై నిమిషాల వ్రాత గాలిలో ఉండిపోవచ్చు. మేము కూర్చున్నది దాదాపు అంతసేపే.

వాడు నావైపు తిరిగి మెల్లగా అడిగాడు. “సార్, మీరు ఏమైనా మార్చారా? మార్చింది ఎక్కడైనా రాసుకున్నారా?”

ముప్పై అయిదేళ్ళు నేను పిల్లలను అడిగిన ప్రశ్న అది. అవ్వ రోజూ నన్ను అడిగిన ప్రశ్న కూడా అదే. జవాబు చెప్పడానికి నోరు రాలేదు.

తప్పు నాదేనని తేలిన తరువాత, అసలు ఈ అమరికల వ్యవస్థ ఎలా నడుస్తుందో మొదటినుండి చదవాలనిపించింది. చదువుతున్నకొద్దీ ఆశ్చర్యం పెరిగింది. ఇదంతా నాకు తెలిసిన శాస్త్రమే! వ్యాకరణశాస్త్రం.

యంత్రం మేలుకొన్నప్పుడు అమరికలు ఒక్క దస్త్రంలోనుండి రావు. పంపిణీ చేసినవారు తమవి కొన్ని పెడతారు, వేరువేరు సాఫ్టువేర్లు తమవి కొన్ని చేరుస్తాయి, యజమాని తనవి కొన్ని వ్రాసుకుంటాడు. అన్నిటినీ కలిపి చదవాలి. ఒకే అమరికకు రెండు దస్త్రాలు రెండు విలువలు చెబితే ఏది చెల్లాలి? ఇప్పుడు చాలా లినక్స్ పంపిణీలలో ఉన్న ఏర్పాటు ప్రకారం, అన్ని సంచయాలలోని దస్త్రాలనూ కలిపి పేర్ల అక్షరక్రమంలో పేరుస్తారు. క్రమంలో తరువాత వచ్చినదే చెల్లుతుంది. అందుకే ఆ దస్త్రాల పేర్ల ముందు 10, 50, 99 వంటి అంకెలు కనిపిస్తాయి. ఒకే పేరుగల దస్త్రం రెండుచోట్ల ఉంటే మాత్రం యజమాని సంచయమైన ‘ఎట్సీ’లోనిది పంపిణీవారి దస్త్రాన్ని పూర్తిగా కప్పివేస్తుంది.

పాణిని అష్టాధ్యాయిలో సుమారు నాలుగువేల సూత్రాలు ఉన్నాయి. సమానబలం గల రెండు సూత్రాలు ఒకేచోట తలపడితే పరసూత్రం నెగ్గుతుందని ఆయనే ఒక సూత్రం చేశాడు. సూత్రపాఠంలో తరువాత వచ్చినది అని సంప్రదాయ వ్యాఖ్య. ఇక సామాన్యవిధిని విశేషవిధి బాధిస్తుంది, దానికి ఉత్సర్గాపవాదాలని పేరు. పంపిణీవారి దస్త్రం ఉత్సర్గం, యజమాని దస్త్రం అపవాదం. పేర్లు మారాయి గాని న్యాయం అదే.

ఇంకొక సంగతి కూడా గమనించదగినది. 2022లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఋషి రాజ్‌పోపట్ అనే పరిశోధకుడు, ఆ సూత్రంలోని ‘పర’ శబ్దానికి వరుసలో తరువాతిది అని కాక, పదంలో కుడివైపు భాగానికి వర్తించే సూత్రం అని అర్థం చెప్పాలని వాదించాడు. పండితులందరూ దానిని ఒప్పుకోలేదు. ఆ వాదం ఎటు తేలినా నాకు అందులో ఒక పాఠం కనిపించింది. తరువాతిది నెగ్గుతుంది అన్నంత మాత్రాన సరిపోదు, ‘తరువాత’ అంటే ఏ లెక్కన తరువాత అనేది కూడా తేలాలి. నా విషయంలో జరిగినది అదే. వ్రాసిన కాలాన్నిబట్టి కాదు, సంచయాన్నిబట్టీ కాదు. దస్త్రాల మధ్య పేరునుబట్టి తరువాత. ఆ దస్త్రాలన్నీ చదవడం ముగిసిన తరువాత నేను చేర్చిన ఆజ్ఞాపత్రం నడిచింది కనుక, అది అన్నిటికంటె తరువాత. నా విద్యార్థి వ్రాసిన సరైన విలువను నా మరచిపోయిన విలువ ప్రతి ఉదయమూ నిశ్శబ్దంగా కప్పివేసింది.

ఇవన్నీ బయటి ఏర్పాట్లు. లోపల కెర్నెల్ కూడా తన అమరికల మధ్య పొత్తు కుదర్చడానికి కొన్ని పద్ధతులు పాటిస్తుంది. చూసిన కొద్దీ ముచ్చటగా ఉంటాయి.

ఎక్కించవలసిన పుటలు ఎంతవరకు పేరుకోవచ్చు అనే పరిమితిని రెండు విధాలుగా చెప్పవచ్చు. అందుబాటులో ఉన్న మెమరీలో ఇంత శాతం అని ఒకటి, ఇన్ని బైట్లు అని మరొకటి. రెండూ ఒకేసారి చెబితే వైరుధ్యం వస్తుంది గదా. కెర్నెల్ ఏమి చేస్తుందంటే, ఒకదానిలో విలువ వ్రాయగానే రెండవదాన్ని సున్నా చేస్తుంది. ఒక ఒరలో ఒకే కత్తి. ఆ బైట్ల విలువ మరీ చిన్నదైతే, రెండు పుటలకంటె తక్కువైతే, దానిని పట్టించుకోకుండా పాతదే ఉంచుకుంటుంది.

గుమాస్తా నెమ్మదిగా పని మొదలుపెట్టవలసిన పరిమితి ఒకటి, వ్రాసేవాణ్ణే ఆపి పని చేయించే పరిమితి ఒకటి. మొదటిది రెండవదానికంటె తక్కువ ఉండాలి. మనం అజ్ఞానంతో తలకిందులుగా పెడితే కెర్నెల్ మనతో తగవు పెట్టుకోదు. లోపల లెక్కలో మొదటిదాన్ని రెండవదానిలో సగంగా తీసుకుంటుంది. అయితే మనం దస్త్రం చదివితే మాత్రం మనం వ్రాసిన విలువే కనిపిస్తుంది! చదివినది ఒకటి, నడిచేది మరొకటి. ఈ మర్యాద మంచిదో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు. తప్పు వ్రాసిన విద్యార్థి పలకమీద తప్పును అలాగే ఉంచి, మార్కుల పుస్తకంలో మాత్రం సర్ది వేసుకునే ఉపాధ్యాయుడు వాడికి మేలు చేసినట్లా?

కొన్ని అమరికలు ఒకదాన్ని కదిపితే మరికొన్నిటిని కదిపివేస్తాయి. ఒక యంత్రం తనకు వచ్చిన ఉత్తరాలను మరొక యంత్రానికి అందించే మధ్యవర్తి కావాలా వద్దా అనే అమరిక అలాంటిది. దానిని మార్చగానే దానికి సంబంధించిన ఇతర విలువలు కొత్త పాత్రకు తగిన అప్రమేయ స్థితికి వెళ్ళిపోతాయని కెర్నెల్ పత్రాలలోనే హెచ్చరిక ఉంది. కనుక దానిని ముందు మార్చి, మిగిలినవి తరువాత వ్రాయాలి. క్రమం తప్పితే వ్రాసినవి చెరిగిపోతాయి.

కొన్ని అమరికలకు తిరుగులేదు. కెర్నెల్‌లోకి కొత్త భాగాలు చేరకుండా తలుపు మూసే అమరిక ఒకటి ఉంది. ఒకసారి 1 అని వ్రాస్తే యంత్రాన్ని ఆపి మళ్ళీ నడిపేదాకా 0 కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఉకారసంధి నిత్యం, ఇకారసంధి వైకల్పికం, అకారసంధి బహుళం అని పిల్లలకు చెప్పినవాణ్ణి. ఈ తలుపు అమరిక నాకు నిత్యసంధివలె తోచింది. గడువుల అమరికలు వైకల్పికాలు. ఇక ప్రతి నెట్‌వర్కు తీగకూ ఒకటి, అన్నిటికీ కలిపి ఒకటి ఉండే అమరికలున్నాయే, అవి బహుళం. వాటిలో వచ్చిన ఉత్తరం సరైన దారిన వచ్చిందా అని పరీక్షించే అమరికకు రెండు విలువలలో పెద్దది చెల్లుతుంది, మరికొన్నిటికి ఇంకో లెక్క. బహుళం అంటే పిల్లలు ఎందుకు తెల్లముఖం వేసేవారో నాకు ఇప్పుడు అర్థమయింది.

ఇన్ని చిక్కులు ఉన్నా కెర్నెల్ నిర్మాతలు ఒక నియమాన్ని గట్టిగా పట్టుకున్నారు. బయట నడిచే ప్రోగ్రాములు ఆధారపడిన ఏర్పాటును చెడగొట్టరాదు. లినస్ టోర్వాల్డ్స్ ఈ విషయంలో ఎంత కఠినుడో లోకానికి తెలుసు. దస్త్రం సృష్టించే పాత యూనిక్స్ పిలుపు పేరులో చివరి ఆంగ్లాక్షరం ఒకటి మొదటినుండీ లోపించింది. ఇప్పటికీ అలాగే ఉంది, సవరించలేదు. వాడుక స్థిరపడిన తరువాత వర్ణలోపం కూడా సాధురూపమే. అమరికలను పేర్లతో కాక సంఖ్యలతో పిలిచే ఒక పాత పద్ధతి కెర్నెల్‌లో ఉండేది. అది వద్దని ఎన్నో ఏళ్ళు హెచ్చరించి, ఎవరూ దానిని వాడడం లేదని నమ్మకం కుదిరిన తరువాతనే 2020 జనవరిలో వెలువడిన 5.5 సంచికలో తొలగించారు.

మన యూనికోడుదీ ఇదే ధర్మం. లినక్స్ తొలి ప్రతీ, తెలుగుకు చోటిచ్చిన యూనికోడు మొదటి సంచికా రెండూ 1991లోనే వచ్చాయి. ఒకసారి ఇచ్చిన స్థానాన్ని యూనికోడు వెనక్కు తీసుకోదు, పెట్టిన పేరును మార్చదు. చేర్చడం మాత్రం చేస్తుంది. దంత్య చ, జలు 2008లో 5.1 సంచికలో చేరాయి, శాసనాలలోని ఴ 2014లో 7.0 సంచికలో చేరింది. పదిహేనేళ్ళకిందట మనం వ్రాసిన టపాలు ఈనాడు కొత్త ఫోనులో అక్షరం చెదరకుండా కనిపిస్తున్నాయంటే ఈ మాటనిలకడ వల్లనే. యూనికోడుకు ముందు ఒక్కొక్క పత్రికదీ ఒక్కొక్క ఖతి అయి, ఒకరిది మరొకరికి చదవరాకపోయిన రోజులు మరచిపోలేదు గదా.

సరే, నేను మళ్ళీ అవ్వ దగ్గరికి రావాలి. తప్పించుకోవడానికే ఇంత శాస్త్రం చెప్పానేమో.

వారం రోజులు ఆ వీధిలోకి పోలేదు. పోయి ఏమని చెప్పాలి? చివరకు పోయాను. “అవ్వా, మొన్న చెప్పిన మాటలు పోయినయి. తప్పు నాదే” అన్నాను.

“రాసుకున్ననంటివి గద సారూ!” అన్నది. కోపం లేదు, ఆశ్చర్యం మాత్రమే. ఆమె అక్షరం నేర్వని మనిషి. వ్రాసినది పోతుందని ఆమెకు తెలియదు. వ్రాత అంటే నిలిచేది అని ఆమె నమ్మకం. తన తలలో ఉన్నది పోతుందేమోనని, నా యంత్రంలో పెట్టి నిశ్చింతగా ఉన్నది. ఆ నమ్మకం నావల్ల పోయింది.

కాసేపటికి నవ్వింది. “పోతె పోయినయ్ తియ్. మల్ల చెప్త, రాసుకో” అన్నది. ఇద్దరమూ కూర్చొని జ్ఞాపకం తెచ్చుకున్నాము. ఏడు వచ్చాయి. నాలుగు రాలేదు. ఒకటి తూముకు సంబంధించినదని నాకు లీలగా గుర్తు. ఆమెకు ఆ పూట ఏ ధోరణిలో ఏ మాట నోటికి వచ్చిందో, ఆ ధోరణి మళ్ళీ రాలేదు. “యాల్లకు యాదికొస్తయ్ సారూ, అడిగితె రావు” అన్నది. ఆ సంవత్సరం చలికాలంలో ఆమె పోయింది.

అప్పటినుండి నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. మీకు ఉపయోగపడవచ్చని చెబుతున్నాను.

మొదటిది: అమరికలను మార్చే చోటు ఒక్కటే. యజమాని సంచయంలో 99తో మొదలయ్యే ఒకే దస్త్రం. ఆజ్ఞాపత్రాలలో, అక్కడా ఇక్కడా చేర్చడం నిషిద్ధం.

రెండవది: ప్రతి వరుసకు పైన వ్యాఖ్య. ఏ తేదీన మార్చాను, ఎందుకు మార్చాను, ఏ పరిస్థితి మారితే దీనిని తీసివేయాలి. ఈ మూడవ సంగతి ముఖ్యం. నాకు విలువ కంటె కారణం పోవడమే పెద్ద నష్టం కలిగించింది. బ్యాటరీ కోసం అని ఒక్క మాట వ్రాసి ఉంటే, బ్యాటరీ తీసిననాడు నా విద్యార్థి దానిని చూసి ఉండేవాడు. సూత్రానికి వృత్తి, వృత్తికి వ్యాఖ్య అని మన పెద్దలు ఊరకే పెట్టలేదు.

మూడవది: వ్రాసినదాన్ని నమ్మి ఊరుకోరాదు, నడుస్తున్నదాన్ని అడిగి చూడాలి. నా విద్యార్థి ఒక చిన్న పరీక్ష వ్రాసి ఇచ్చాడు. యంత్రం మేలుకొన్న కొద్ది నిమిషాలకు అది నా దస్త్రంలోని ప్రతి విలువనూ, కెర్నెల్ మనసులోని విలువనూ పోల్చి, తేడా ఉంటే తెరమీద ఎర్రగా చూపిస్తుంది. దాని ప్రయోజనం తరువాత తెలిసింది. లాప్‌టాప్‌కు కొత్త సంచిక వేసినప్పుడు, ఎన్నో ఏళ్ళుగా అందరూ వాడుతూ వచ్చిన పాత అమరికల దస్త్రాన్ని ఆ సంచిక చదవడం మానివేసింది. అందులో నేను మరచి వదిలిన రెండు వరుసలు ఎవరూ చెప్పకుండానే నిష్ప్రయోజనమయ్యాయి. దోషసందేశం లేదు, చప్పుడు లేదు. పరీక్ష మాత్రమే పట్టుకుంది. ఈసారి ఏమీ పోలేదు.

నాలుగవది: పోకూడనిదానికి గడువుల మీద ఆధారపడరాదు. ఇప్పుడు ఆ ప్రోగ్రాము ఒక్కొక్క మాట చేర్చగానే, వెంటనే డిస్కుకు ఎక్కించమని కెర్నెల్‌ను గట్టిగా అడుగుతుంది. అది ఎక్కినట్లు జవాబు వచ్చిన తరువాతనే తెరమీద ఒక మాట కనిపిస్తుంది. ఏమి కనిపించాలని నా విద్యార్థి అడిగితే ‘వ్రాసుకున్నాను’ అని పెట్టమన్నాను.

నా దస్త్రంలో ఇప్పుడు పదహారువందలకు పైగా మాటలున్నాయి. చెప్పినవారు చాలామంది. 412 నుండి 418 వరకు అవ్వ రెండవసారి చెప్పిన ఏడు మాటలు. 419 నుండి 422 వరకు సంఖ్యలు మాత్రమే ఉన్నాయి, ఎదురుగా ఏమీ లేదు. వరుసలు కలిపివేయవచ్చు గదా సార్ అని నా విద్యార్థి అన్నాడు. వద్దన్నాను.

చెరువు కింద సాగు చేసిన పెద్దలు మీ ఇళ్ళలో ఉంటే, తూముకు సంబంధించిన మాటలు ఏవైనా వారినడిగి నాకు తెలియజేయండి. వింటే గుర్తుపడతానని ఆశ.